భువనగిరినుండి దుబాయి యెంత దూరము?

"దుబాయి యెంత దూరము?" అని మా భువనగిరి ప్రాంతమున నెవరినైన నడిగినచో "మూడున్నర గంటలు" అని బదులు చెప్పుదురు. అడిగినది దూరము, చెప్పినది కాలము. అయినను అడిగినవాడుగాని చెప్పినవాడుగాని యిందు వింత యేమియు నెంచడు. మన పెద్దలును దారిని గూర్చి యిట్లే మాటలాడెడివారు. క్రోసు, ఆమడ యను కొలత లుండినను "ఒక జాము నడక" యనియు, "తెల్లవారకముందు బండి కట్టినచో అంబలి వేళకు చేరుదువు" అనియు చెప్పుటయే వాడుక. బండివానికి కావలసినది దారి ప్రక్కనున్న రాళ్ల లెక్క కాదు. ఎద్దుల నెచ్చట విప్పవలెను, ఏ వేళకు ఊరు చేరవలెను అనునదియే అతనికి కావలెను. విమానములో పోవువానికిని అంతే. ఎద్దుల నడకను మనమెఱుగుదుము గనుక ఆ లెక్క తప్పెడిది కాదు. విమానపు నడకను మనమెఱుగము గనుక ఈ లెక్క తప్పుచున్నది.

పెద్దలారా, రేడియోలో ప్రసంగింపుమని నన్నడిగినప్పుడు నేనీ విషయమునే కోరి తీసికొంటిని. నేను బడిపంతులుగా ముప్పది యేండ్లు పనిచేసినవాడను. భూగోళము, గణితము రెండును చెప్పితిని. అయినను ఒకనాడు ఈ విమానపు లెక్కలో గంటన్నర పొరబడితిని. ఆ గంటన్నరవలన నొక పెద్దకొడుకు తన తండ్రికి తలకొరివి పెట్టలేకపోయెను. ఆ సంగతి ముందు చెప్పెదను. లెక్క యెట్లు నడచునో తెలియనిదే ఆ పొరబాటు ఎక్కడ జరిగినదో మీకు తెలియదు గనుక, మొదట లెక్క వినుడు.

దూరము ఒక్కటి కాదు. రెండూళ్ల నడుమ మూడు దూరములుండును. రోడ్డు దూరము, రైలు దూరము, ఆకాశపు దూరము. మనకు బాగుగ తెలిసిన ఢిల్లీనే తీసికొందము. హైదరాబాదునుండి ఢిల్లీకి పోవు రైళ్లు పెక్కు మన భువనగిరి స్టేషను మీదుగనే పోవును. ఆగునవి కొన్ని, ఆగకయే పోవునవి కొన్ని. ఢిల్లీ మనకు సరిగా ఉత్తరమున నున్నది. కాని రైలు సికిందరాబాదు విడిచినది మొదలు తూర్పునకు మొగము పెట్టి, భువనగిరి, ఆలేరు, జనగామ దాటి కాజీపేట చేరువఱకు ఉత్తరపు దిక్కు తలచుకొనదు. నూటముప్పది కిలోమీటర్లు ఇట్లు తూర్పునకు పోయిన పిమ్మటగాని బల్లార్షా, నాగపురము దారి పట్టదు. అందువలన రైలు దూరము 1,670 కిలోమీటర్ల దరిదాపున నున్నది. ఆకాశమున సూటిగా కొలిచినచో 1,260 కిలోమీటర్లకు మించదు. రైలునకు ఒక పగలు, ఒక రాత్రి పట్టును. విమానము రెండుంబావు గంటలలో దిగును.

ఇంటికి చేరువలో నున్న లెక్క యొకటి చెప్పెదను. భువనగిరినుండి శంషాబాదు విమానాశ్రయమునకు ఘట్కేసరు మీదుగా బాహ్యవలయ రహదారి పట్టి పోయినచో డెబ్బదియైదు కిలోమీటర్లకు తక్కువ కాదు. పక్షి యెగిరినచో సుమారు 58 కిలోమీటర్లే. నేలమీద దారి యన్నది చెఱువుకట్టలకును, గుట్టలకును, ఊళ్లకును, వంతెనలకును లోబడి నడచునది. కాలిబాట కూడ పంటచేను వచ్చినచోట ఒంపు తిరుగును గదా!

ఆకాశములోను దారి పూర్తిగా సూటియని తలపరాదు. అక్కడను దారులు గీయబడి యున్నవి. విమానములు ఆ దారులలోనే పోవలెను. ఎదురెదురుగా వచ్చునవి వేర్వేఱు ఎత్తులలో పోవలెను. ఒక దేశముమీదుగా పోవుటకు ఆ దేశపు అనుమతి కావలెను. 2019లోను, మరల 2025లోను పాకిస్థాను గగనతలము మనకు మూయబడినప్పుడు ఢిల్లీనుండి పడమటికి పోవు మన విమానములు గుజరాతు వైపు దిగివచ్చి, సముద్రముమీదుగా చుట్టు తిరిగి పోవలసివచ్చెను. దారి పెరిగినది, కాలమును పెరిగినది. ఊరిలో ఒకనితో తగవు వచ్చి వాని గెట్టుమీద నడవకుండ చుట్టు తిరుగుటవంటిదే యిది.

ఇక 'సూటి' యనుమాటయందును ఒక చిక్కు కలదు. భూమి గుండ్రనిది, బడిలో గోడకు వ్రేలాడు పటము చదునైనది. పటముమీద బద్ద పెట్టి గీసిన గీత భూమిమీద నన్నిటికంటె దగ్గరి దారి కానేరదు. ఇది నమ్ముటకు కష్టముగా నుండును. నేను పిల్లలకు పుచ్చకాయ తెచ్చి చూపెడివాడను. పుచ్చకాయమీద రెండు చుక్కలు పెట్టి, వాని నడుమ దారము బిగించి పట్టినచో, ఆ దారము పడిన చోటే దగ్గరి దారి. హైదరాబాదునుండి అమెరికాలోని చికాగోకు ఇట్లు దారము పట్టినచో అది పడమటికి పోదు. దాదాపు ఉత్తరమునకే పోయి, ధ్రువపు మంచు చెంతగా వెళ్లి అవతల దిగును. ఆ దూరము సుమారు 13,300 కిలోమీటర్లు. దుబాయి దగ్గరి ఊరు గనుక పటమునకును పుచ్చకాయకును అంత భేదము రాదు. హైదరాబాదునుండి దుబాయికి ఆకాశపు దూరము సుమారు 2,550 కిలోమీటర్లు. ఆమడకు ఎనిమిది మైళ్ల చొప్పున వేసికొన్నచో ఇంచుమించు రెండువందల ఆమడలు. ఎడ్లబండి రోజుకు రెండామడలు నడచునని పెట్టుకొన్నను నూరు దినముల దారి. అదియు నడుమ సముద్రము లేకున్న యెడల!

విమానపు వేగము ఎల్లకాలము నొకటే కాదు. మన దేశములో క్రమముగా టపా మోసిన విమానసర్వీసు 1932 అక్టోబరు 15వ తేదీన కరాచీనుండి బయలుదేఱెను. జె. ఆర్. డి. టాటాగారు స్వయముగా చిన్న విమానము నడుపుకొని అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరిరి. అహమ్మదాబాదులో ఆ విమానమునకు కావలసిన పెట్రోలు డబ్బాలు ఎద్దుబండిమీద వచ్చినవని చెప్పుదురు. బొంబాయినుండి ఆ టపా బళ్లారి మీదుగా మద్రాసునకు పోయెను. హైదరాబాదు సంస్థానములో 1945లో దక్కను ఎయిర్‌వేసు అను సంస్థ పుట్టి, బేగంపేటనుండి డకోటా విమానములను నడిపెను. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది. డకోటా గంటకు సుమారు 270 కిలోమీటర్లు పోయెడిది. దానిని నడుమ దింపి, నూనె పోసి, మరల లేపవలసి యుండెను. నేటి పెద్దవిమానము గంటకు 850 కిలోమీటర్ల దరిదాపున పోవును. పదిపండ్రెండు కిలోమీటర్ల ఎత్తున, మేఘములకు పైగా పోవును. నేలనుండి లేచుటకు, ఆ ఎత్తు చేరుటకు, మరల దిగుటకు అరగంటవఱకు అదనముగా పట్టును. కావుననే దగ్గరి ఊళ్లకు విమానము అంత లాభము కాదు. దూరము సగమైనను కాలము సగము కాదు.

ఇప్పుడు మీలో నొకరు అడుగవచ్చును: 2,550 కిలోమీటర్లను 850తో భాగించినచో సరిగా మూడు గంటలు వచ్చును, అరగంట కలిపినచో మూడున్నర, మరి పోవునప్పుడు నాలుగు గంటలకు దగ్గరగాను, వచ్చునప్పుడు మూడుంబావు గంటగాను చెప్పుచున్నారేల? దారి యొకటే గదా? దీనికి కారణము గాలి. కృష్ణలో పుట్టి వేసినవారికి ఇది చెప్పనక్కఱలేదు. ప్రవాహమువెంట పుట్టి దానియంతట అదియే పోవును. ఎదురు పోవలెనన్న చెమట పట్టును. అంత ఎత్తున ఆకాశములోను అట్టి ప్రవాహములున్నవి. చలికాలమున ఉత్తరహిందూస్థానము మీదను దాని చుట్టుప్రక్కలను పడమటినుండి తూర్పునకు గొప్ప గాలినది యొకటి పాఱును. దుబాయినుండి వచ్చు విమానమునకు అది వెన్ను తట్టును. పోవుదానికి రొమ్ముమీద చేయిపెట్టి ఆపును. గాలి గంటకు ఎనుబది కిలోమీటర్లు వీచినదనుకొందము. వచ్చునది గంటకు 930 పోవును, పోవునది 770 మాత్రమే పోగలదు. భాగించి చూచుకొనుడు, అరగంటకు పైబడి తేడా వచ్చును.

వానకాలమున మన దక్కనుమీద కథ తారుమారగును. అప్పుడు పై ఎత్తున తూర్పునుండి పడమటికి గాలి వీచును. ఈ తూర్పుగాలి ప్రవాహమును గూర్చి లోకమునకు విశదముగా తెలిపినవారు పంచేటి కోటేశ్వరంగారు. 1958లో వారు తమ పరిశోధనను ప్రకటించిరి. పిదప భారత వాతావరణశాఖకు అధిపతులుగా నుండిరి. మన నైరుతి వానలకును ఆ గాలికిని సంబంధము కలదని వారు చూపిరి. వాన రాకకై ఆకాశము చూచు రైతునకును, విమానము నడుపువానికిని ఒకే గాలి కావలసివచ్చుట నాకెంతయు ముచ్చటగా నుండును. అది అట్లుండనిండు.

టికెట్టుమీద అచ్చైన కాలము సంగతి యొకటి చెప్పి ముందుకు పోయెదను. అది ఎగిరినంతసేపటి లెక్క కాదు. విమానము నిలిచిన చోటునుండి కదలినప్పటినుండి, అవతల మరల నిలిచిపోవువఱకు గల కాలమది. నేలమీద ప్రాకుచు పోయి, వరుసలో నిలిచి, తన వంతు వచ్చినప్పుడు లేచుట అంతయు అందులోనిదే.

ఇప్పుడు గడియారము. నేను పొరబడినది ఇక్కడనే.

భూమి యొక దినమున తన చుట్టు తాను తిరుగును. వృత్తమునకు 360 భాగలు. 24 గంటలకు పంచినచో గంటకు 15 భాగలు, ఒక్కొక్క భాగకు నాలుగు నిమిషములు. తూర్పుననున్నవారికి సూర్యుడు ముందు కనబడును. పడమటివారికి వెనుక కనబడును. ఊరికొక గడియారము పెట్టుకొన్నచో రైళ్లు నడువవు గనుక, 1906 జనవరి 1వ తేదీనుండి మన దేశమునకంతకును ఒకే కాలము ఏర్పఱిచిరి. అది 82½ భాగల రేఖాంశమునకు సరిపోవు కాలము. ఆ గీత మన కాకినాడకు చేరువగా పోవుచున్నది. భువనగిరి దానికి మూడున్నర భాగలకు మించి పడమటగా నున్నది. కావుననే మా ఊరిలో సూర్యుడు నడినెత్తికి వచ్చువేళకు గడియారము పండ్రెండు కొట్టి సగటున పదునాలుగు నిమిషములు గడచియుండును. నీడ చూచి వేళ చెప్పు ముసలివారికిని, చేతిగడియారము పెట్టుకొన్న మనుమలకును మా అరుగులమీద జరుగు తగవులో ముసలివారిదే న్యాయమని నేను పలుమాఱులు తీర్పు చెప్పియుంటిని.

దుబాయి మనకు పడమట ఇరువదిమూడున్నర భాగల దూరమున నున్నది. నాలుగేసి నిమిషముల చొప్పున లెక్కించినచో తొంబదినాలుగు నిమిషములు. వారి గడియారము మన గడియారమునకు సరిగా గంటన్నర వెనుకబడి యుండును. ఇది దొరతనమువారు ఊరకే పెట్టిన తేడా కాదు. అచ్చట సూర్యుడే అంత ఆలస్యముగా ఉదయించును. మనకు పదకొండున్నర అయినప్పుడు వారికి పది. మన పాతలెక్కలో చెప్పినచో మూడుముప్పాతిక గడియల భేదము.

ఇక ఆ సంగతి. సుమారు ఇరువదియేండ్ల క్రిందట, విమానములింకను బేగంపేటకే వచ్చుచుండిన దినములలో, మా ఊరి రైతు ఒకడు మార్గశిర మాసమున ఒకనాటి రాత్రి కాలము చేసెను. మా ఊరు భువనగిరికి తూర్పున రెండు క్రోసుల దూరము. ఆయన పెద్దకొడుకు దుబాయిలో తాపీపని చేయుచుండెను. చిన్నకొడుకు ఇంటనే వ్యవసాయము. ఊరిలో ఫోను ఒక్క ఇంట నుండెను. ఆ రాత్రియే అన్నకు కబురు పోయెను. తెల్లవారుజామున మరల ఫోను వచ్చినది. "పదిగొట్టంగ విమానం దొర్కింది, నేనచ్చేదాక బాపును ఎత్తకుండ్రి" అని మాత్రము చెప్పి పెట్టివేసెనట.

ఇంటిముందఱ పెద్దలు కూడియుండిరి. కులపెద్ద నన్ను పిలిచి, "పంతులూ, నువ్వు సదువుకున్నోనివి. పిలగాడు ఎన్నిగొట్టంగ ఇల్లు జేరుతడో లెక్కజేసి జెప్పు. పొద్దుమునుగక ముందయితే ఆగుతం. లేకుంటె రేప్పొద్దుగాల జేద్దం. మంచుగడ్డలు తెప్పియ్యాలె, అది గూడ ఇప్పుడే జూడాలె" అనెను. ఆ మాటలు నాకు నేటికిని చెవులలో నున్నవి. ఆయన నన్ను రెండు దారులు చూపి అడిగెను. మఱునాటివఱకు ఉంచుటకు వారు సిద్ధముగానే యుండిరి.

నేను నా తెలివి చూపితిని. పదికి విమానము; ప్రయాణము మూడుంబావు గంట; ఒకటింబావునకు బేగంపేట. సామాను, తనిఖీ అన్నియు కలిసి గంటంబావు; రెండున్నరకు బయటపడును. మోటారు మాట్లాడుకొని రాగా గంటముప్పావు. "నాలుగుంబావునకు ఇంట నుండును" అని చెప్పితిని. అప్పటి దినములలో మా వైపున అయిదుముప్పావు కాకముందే ప్రొద్దు క్రుంకును. ఇంక గంటకు పైబడి వ్యవధి యున్నదని పెద్దలు సమ్మతించిరి. మంచుగడ్డలు తేలేదు. డప్పులవారికి కబురు పోయెను.

ప్రతి యంకెయు సరియైనదే; మొదటిది తప్ప. ఆ 'పది' ఎవరి పది? ఆ కుఱ్ఱవాడు దుబాయి గడియారము చూచి చెప్పెను. నేను మా ఇంటి గోడమీది గడియారము చూచి లెక్కించితిని. అతడు బయలుదేఱినప్పుడు మనకు పదకొండున్నర. బేగంపేటలో దిగినప్పుడు రెండుముప్పావు. బయటపడునప్పటికి నాలుగు. ఇల్లు చేరునప్పటికి అయిదుముప్పావు. భూగోళము చెప్పు పంతులునైన నాకు రేఖాంశములు తెలియవా? తెలియును. పరీక్షలో అడిగినచో వ్రాసియుందును. శవము వాకిట నుండగా, పదిమంది నా మొగము చూచుచుండగా, అది నాకు తోచలేదు.

నాలుగున్నరయైనది; అయిదైనది. భువనగిరి రోడ్డుమీద ఏ మోటారు కనబడినను పిల్లలు పరుగెత్తుచుండిరి. పెద్దలు నావైపు చూచిరి. "దారిలో ఏమైనదో" అంటిని. ప్రొద్దు వాలుచున్నదనిరి. పాడె లేచినది. అయిదుంబావునకు చిన్నవాడు కొరివి పెట్టెను. ఊరివారందఱును వల్లకాటికడ నుండుటచేత బేగంపేటనుండి ఆ కుఱ్ఱవాడు చేసిన ఫోను నెత్తువారే లేకపోయిరి. అయిదుముప్పావునకు, నేనిప్పుడు చెప్పిన లెక్కకు ఒక్క నిమిషము తప్పకుండ, మోటారు వచ్చి నిలిచెను. ముప్పది నిమిషములు. మంట పైకెగయుచుండెను.

మఱునాడు వానియింటికి పోయి జరిగినది జరిగినట్లు చెప్పితిని. గాలివలనను, దారివలనను ఆలస్యము కాలేదనియు, లెక్క తప్పినది నేనే యనియు చెప్పితిని. వాడు కొంతసేపు నేలచూపులు చూచి, "సారూ, నేను జెప్పేటప్పుడు ఈడి టైమా ఆడి టైమా అని నేను గూడ జెప్పలె గద" అనెను. అంతకంటె మఱేమియు ననలేదు. వాడు నన్ను తిట్టియుండిన నాకు తేలికగా నుండెడిది.

అప్పటినుండియు నేను తెలిసికొన్న నియమము ఇది. టికెట్టుమీద బయలుదేఱు వేళ బయలుదేఱు ఊరి గడియారముతో నుండును. చేరు వేళ చేరు ఊరి గడియారముతో నుండును. రెంటిని తీసివేసినచో ప్రయాణకాలము రాదు. దుబాయిలో పదికి లేచి హైదరాబాదులో రెండుముప్పావునకు దిగునని వ్రాసియుండును. చూచువానికి నాలుగుముప్పావు గంటల ప్రయాణమని తోచును. గంటన్నర తీసివేయుడు, మూడుంబావు వచ్చును. పోవునప్పుడు దీనికి మాఱు: హైదరాబాదులో పదికి లేచి దుబాయిలో పండ్రెండుంబావున కాకముందే దిగినట్లుండును, రెండు గంటల చిల్లర దారి యని మోసపోవుదురు, గంటన్నర కలుపుకొనవలెను. పిల్లవాడు ఫోనులో వేళ చెప్పినప్పుడు "బయలుదేఱు వేళ కాదు, నాయనా, హైదరాబాదులో దిగు వేళ టికెట్టుమీద చూచి చదువు" అని అడుగుట అన్నిటికంటె సులువు. అది మన గడియారమే గనుక ఏ లెక్కయు నక్కఱలేదు.

ఆ దిగు వేళకు కలుపవలసినవి కలుపుకొనవలెను. 2008 మార్చినుండి రాకపోకలు శంషాబాదునకు మాఱినవి. ఎఱ్ఱరంగు, పచ్చరంగు దారులు, కడవుచీట్ల తనిఖీ, సామాను రాక, అన్నిటికి గంటకు తక్కువ వేయరాదు, రద్దీయైనచో గంటన్నర. అటనుండి భువనగిరికి రెండు గంటలు వేసికొనుట మేలు. పోవునప్పుడు విదేశమునకు మూడు గంటలు ముందుగా, మన దేశములోని ఊళ్లకు రెండు గంటలు ముందుగా విమానాశ్రయమునకు చేరవలెను. ఇట్లు గుమ్మమునుండి గుమ్మమునకు లెక్కించినచో భువనగిరినుండి దుబాయిలోని గదికి పది పదకొండు గంటల దారి. "మూడున్నర గంటలు" అను మాట అందులో మూడవవంతు మాత్రమే. ఢిల్లీకైనను అంతే: విమానము రెండుంబావు గంటలే అయినను ఇంటినుండి అచ్చటి బసకు ఎనిమిది గంటలు తప్పవు. రైలు ఇరువదియైదు గంటలు; అది మన ఊరి ప్రక్కనుండియే పోవును. రైలుకంటె విమానము పది రెట్లు త్వరయని అందురు. వాకిలినుండి వాకిలికి మూడు రెట్లే. ఆపద లేనప్పుడు, నడుము నొప్పి లేనప్పుడు, నేనైతే రైలే యెక్కెదను. ఇది నా అభిరుచి, వాదమునకు రాను.

ఆ తాపీపనివాడు దుబాయి విడిచి వచ్చి ఇప్పుడు ఊరిలోనే యున్నాడు. మొన్న పుష్యమాసములో నా ఇంటికి వచ్చి యొక కాగితము చేతికిచ్చెను. వాని కొడుకు చదువునకై చికాగో పోవుచున్నాడు. "సారూ, ఈడ రాత్రి మూడుగొట్టంగ ఎక్కుతడట. గదే తారీకు పగటీలి ఒకటిన్నరకు దిగుతడని రాసుంది. పది గంటలే అయితుంది. అమెరికా గంత దగ్గరనా? తప్పు వడ్డదా?" అని అడిగెను. నేను కండ్లద్దములు పెట్టుకొని కూర్చుంటిని. చలికాలమున చికాగో గడియారము మనదానికంటె పదకొండున్నర గంటలు వెనుక. ఎండకాలమున వారు గడియారమును గంట ముందునకు జరుపుకొందురు గనుక పదిన్నర. ఇది జనవరి గనుక పదకొండున్నరయే. వారి ఒకటిన్నర యనగా మనకు మఱునాటి తెల్లవారుజామున ఒంటిగంట. మూడునుండి మఱునాటి ఒంటిగంటవఱకు ఇరువదిరెండు గంటలు. దుబాయి వఱకు మూడుగంటల ఏబది నిమిషములు. అచ్చట విమానము మాఱుటకు రెండుగంటల నలుబది. అచ్చటినుండి చికాగోకు పదునైదున్నర. కూడి చూచితిని, ఇరువదిరెండు. కాగితము వెనుకప్రక్కను ఒకటవ పంక్తిలో ఆ ఊరి వేళయు, రెండవ పంక్తిలో మన వేళయు వ్రాసి, ఏది యేదియో పేరు పెట్టి యిచ్చితిని. వాడు దానిని మరల నా చేతికిచ్చి, "ఇంకోపాలి జూడుండ్రి సారూ" అనెను. మరల చూచితిని. సరిగానే యున్నది.